మన వీధిలో ఆ స్పీడు ఎవరిది?

(పట్టణ మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక ఎస్.ఎల్.ఎఫ్. అధ్యక్షురాలు చేసిన ప్రసంగం. సభ్యులు కోరినందున నివేదికలో చేర్చాం. చాలావరకు ఆమె మాట్లాడినట్టే ఉంచాం.)



నన్ను రోడ్డు భద్రత గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మనకి హైవే గుర్తొస్తుంది, లారీలు గుర్తొస్తాయి. నేను హైవే జోలికి పోను. మన గుమ్మం ముందున్న వీధి గురించే మాట్లాడతాను. పొద్దున్నే ముగ్గేసేది అక్కడే, వడియాలు ఎండబెట్టేది అక్కడే, సాయంత్రం పిల్లలు ఆడుకునేదీ అక్కడే. ఆ వీధిలో మన పిల్లలకి ఏం జరుగుతోందో, అందులో మన చెయ్యి ఎంతుందో చెప్తాను. ముందు నా చెయ్యి ఎంతుందో చెప్పి, తర్వాత మీ దగ్గరికి వస్తాను.

మా వీధికి సీసీ రోడ్డు కావాలని ఆరేళ్ళు తిరిగామండీ. వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము. మా తీర్మానాల పుస్తకం తిరగేస్తే ఎన్ని పేజీల్లో ‘సీసీ రోడ్డు గురించి అర్జీ’ అని ఉంటుందో లెక్కలేదు. చివరికి రోడ్డు వచ్చింది. కొబ్బరికాయ కొట్టాం, పులిహోర పంచుకున్నాం, ఫోటోలు దిగాం. రోడ్డు బాగోకపోయినన్నాళ్ళూ ఏ బండీ మా వీధిలో జోరుగా పోలేదు. గుంటలే మాకు స్పీడు బ్రేకర్లు. రోడ్డు నున్నగా అయ్యాక, మెయిన్ రోడ్డు మీద సిగ్నల్ తప్పించుకునే వాళ్ళందరికీ మా వీధి అడ్డదారి అయిపోయింది. వాళ్ళని చూసి మా పిల్లలు నేర్చుకున్నారు. రోడ్డు అడగడం తప్పని నేను అనడం లేదు. రోడ్డుతో పాటు ఇంకా ఏం అడగాలో మాకు తెలీలేదు, అంతే.

ఇక జరిగింది చెప్తాను. ఇందులో ఉన్న ఇద్దరు సభ్యురాళ్ళ అనుమతి తీసుకునే చెప్తున్నాను. పేర్లు చెప్పను. ఒకావిడ పెద్దావిడ, మేమంతా పిన్నిగారు అంటాం. రెండో ఆమె నాకు చెల్లెలి వరస. ఇద్దరూ నా గ్రూపులోనే ఉన్నారు.

క్రితం వేసవిలో ఒక సాయంత్రం పిన్నిగారి మనవడు, ఆరేళ్ళవాడు, అరుగు మీద బంతితో ఆడుతున్నాడు. బంతి దొర్లింది. అరుగు ముందు రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. ఆ రెండిటి సందులోంచి బంతి రోడ్డు మీదికి వెళ్ళింది, దాని వెనకే పిల్లాడు వెళ్ళాడు. అదే సమయానికి బైకు వచ్చింది. తొడ ఎముక విరిగింది. ప్రాణం దక్కింది, అది మా అదృష్టం.

ఆ బైకు నడిపింది బయటివాడు కాదు, తాగినవాడు కాదు. మా చెల్లెలి కొడుకే. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాళ్ళమ్మ పోపు పెట్టబోతూ కరివేపాకు లేదని కొట్టుకి పంపింది. కొట్టు నాలుగిళ్ళ అవతలే ఉంది, నడిచి వెళ్ళినా రెండు నిమిషాలు పట్టదు. కానీ బండి గుమ్మంలో ఉంది, తాళం మేకుకి వేలాడుతోంది.

ఇప్పుడు నా సంగతి. ఆ బైకు కొన్నది గ్రూపు అప్పుతో. కాగితం మీద చీరల వ్యాపారం అని ఉంది, గుమ్మం ముందు బైకు ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను. వాళ్ళాయన పెయింటింగు పనికి దూరం పోవాలి, బండి అవసరమే అనుకున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. ఆ పిల్లాడు బండి నేర్చుకున్నాక, నేనే రెండుసార్లు వాడి వెనక కూర్చుని వార్డు సచివాలయానికి వెళ్ళాను. “అప్పుడే ఎంత బాగా నడుపుతున్నావురా” అని మెచ్చుకున్నాను కూడా. మెచ్చుకున్నదాన్ని నేనే కాబట్టి, వాణ్ణొక్కణ్ణీ తప్పు పట్టే ముఖం నాకు లేదు.

ఆ రాత్రి ఇంకో తప్పు చేశాం. ఆసుపత్రిలో ఎలా తగిలిందని అడిగితే, మెట్ల మీంచి పడ్డాడని చెప్పాం. పిన్నిగారే ముందు ఒప్పుకున్నారు. “వాడూ మన బిడ్డే కదా, పోలీసు కేసు ఎందుకు” అన్నారు. ఎంత మంచి మనసో చూడండి. కానీ ఆ ఒక్క మాటతో అది రోడ్డు ప్రమాదం కాకుండా పోయింది. ఆపరేషను ఖర్చు పిన్నిగారి మెడలో నానుతాడు మీదికి వచ్చింది. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ళు పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. మెట్ల మీంచి పడ్డ పిల్లాడి తరఫున ఎవరెళ్తారు? ఇప్పుడైతే కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో తెచ్చిన పథకం ఉంది. మోటారు బండి వల్ల రోడ్డు మీద దెబ్బ తగిలితే, పథకం కింద గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షా 50 వేల రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం చేయాలి. అందులోకి రావాలంటే ముందు అది రోడ్డు ప్రమాదమని మనం చెప్పాలి. కాబట్టి అమ్మా, మొహమాటానికి పోయి ఆసుపత్రిలో అబద్ధం చెప్పకండి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పండి. దెబ్బ తగిలిన వాణ్ణి తీసుకొచ్చిన మనిషిని కేసుల్లో ఇరికించకుండా కూడా మోటారు వాహనాల చట్టంలో రక్షణ ఉంది. భయపడి బిడ్డని రోడ్డు మీద వదిలేయక్కర్లేదు.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2019 సెప్టెంబరు నుంచి చట్టం మారింది. 18 ఏళ్ళు నిండని పిల్లలు బండి నడిపి నేరం చేస్తే, శిక్ష తల్లిదండ్రులకో బండి ఓనరుకో పడుతుంది. 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. ఆ బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. డ్రైవింగు మీద బతకాల్సిన ఇళ్ళు మనవి. ఆటో కావచ్చు, డెలివరీ పని కావచ్చు. 25 ఏళ్ళ దాకా లైసెన్సు లేకపోవడమంటే ఏమిటో మనకంటే ఎవరికి బాగా తెలుసు? ఇక బీమా సంగతి. లైసెన్సు లేని చెయ్యి నడిపినప్పుడు చాలా కేసుల్లో కోర్టులు బీమా కంపెనీని ముందు బాధితులకి కట్టమని, తర్వాత ఆ డబ్బు బండి ఓనరు దగ్గర రాబట్టుకోమని చెప్తున్నాయి. అంటే చివరికి ఆ భారం మన పుస్తెల మీదికే వస్తుంది.

మనం ఇక్కడ ఒక పిల్లాడి గురించి మాట్లాడుకుంటున్నాం కానీ, దేశం మొత్తం మీద లెక్క వింటే గుండె జారుతుంది. కేంద్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో 32,825 మంది బండి మీద ఉన్నవాళ్ళు కాదు, నడిచి వెళ్ళేవాళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదేమిటంటే, ప్రపంచంలో 5 ఏళ్ళ నుంచి 29 ఏళ్ళ లోపు వాళ్ళ ప్రాణాలు తీస్తున్న కారణాల్లో మొదటిది రోడ్డు ప్రమాదమే. మనం పోలియో చుక్కలు వేయిస్తాం, టీకాలు తప్పకుండా వేయిస్తాం. ఈ ప్రమాదానికి మాత్రం ఏ ఏర్పాటూ లేకుండా బిడ్డని వీధిలోకి వదులుతున్నాం.

ఆ సంఘటన తర్వాత మేం ఏమేం చేశామో, ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో చెప్తాను.

మొదట కోపం వచ్చింది. మూడో రోజునే మగవాళ్ళు రెండు బస్తాల సిమెంటు తెచ్చి వీధి మధ్యలో గట్టు కట్టేశారు. ఇటుక నిలబెట్టినంత ఎత్తు. మేమూ నీళ్ళు మోసి సాయం చేశాం. నాలుగో తెల్లవారుజామున మా వీధికి పాలు పోసే తాత చీకట్లో అది చూసుకోలేదు. సైకిలు మీంచి పడి భుజం ఎముక చిట్లింది. ఒక బిడ్డని కాపాడబోయి ఒక ముసలాయన్ని పడేశాం. తర్వాత మున్సిపల్ ఇంజనీరుగారు వచ్చి చూసి, మమ్మల్ని తిట్టకుండా వివరంగా చెప్పారు. స్పీడు బ్రేకరుకి ఒక కొలత ఉంటుందట. ఎత్తు 10 సెంటీమీటర్లు, అంటే బెత్తెడుకి కొంచెం ఎక్కువ. వెడల్పు మాత్రం 3.7 మీటర్లు. బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడికి ఇబ్బంది ఉండకూడదు, అంతకంటే జోరుగా వచ్చేవాడికి మాత్రం కుదుపు తెలియాలి. దాని మీద తెల్ల చారలు వెయ్యాలి. దానికి 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఇవేవీ లేని గట్టు రాత్రిపూట గొయ్యితో సమానం. మేమే పలుగు తెచ్చి మా గట్టు పగలగొట్టాం. మీ వీధుల్లో ఇలాంటివి ఉంటే ముందు వాటి సంగతి చూడండి.

తర్వాత బోర్డు పెట్టాం. మా ఆయన పాత రేకు ఇచ్చాడు. ‘నెమ్మదిగా వెళ్ళండి, పిల్లలున్నారు’ అని ఎర్ర రంగుతో రాయించి కరెంటు స్తంభానికి కట్టాం. వారం రోజులు అందరూ చూశారు. రెండో వారంలో దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ పడింది. ఫ్లెక్సీ తీసేశాక వేపకొమ్మ అడ్డం వచ్చింది. కొమ్మ కొట్టించేసరికి దాన్ని చూడటం అందరికీ అలవాటైపోయింది. అలవాటైన బోర్డు ఇక కంటికి ఆనదండీ. బోర్డు వద్దని కాదు. బోర్డు చదివి, అర్థం చేసుకుని, ఆగే మనిషి కూడా ఉండాలి.

అప్పుడు మా గ్రూపు మీటింగులో ఒక ప్రశ్న వచ్చింది. అసలు రోడ్డు మీద బోర్డులకి అర్థం మనలో ఎంతమందికి తెలుసు? పదిమందిలో ఒక్కరికీ పూర్తిగా తెలీదు. లైసెన్సు ఉన్న మగవాళ్ళని అడిగాం. వాళ్ళూ నీళ్ళు నమిలారు. తెలుసుకుంటే అదేమంత కష్టం కాదు. చదువు రాకపోయినా ఆకారం చూసి చెప్పొచ్చు. ఇప్పుడు మా పిల్లలు పాటలాగా చెప్తున్నారు.

ఎర్ర అంచుతో గుండ్రంగా ఉంటే అది ఆజ్ఞ. మీరితే జరిమానా. గుండ్రం లోపల 30 అని ఉంటే గంటకి 30 కిలోమీటర్లు దాటకూడదని అర్థం. హారన్ బొమ్మ మీద గీత కొట్టి ఉంటే అక్కడ హారన్ మోగించకూడదు. ఎర్ర అంచుతో మూడు మూలలుగా ఉంటే అది హెచ్చరిక. ముందు ఏదో ఉంది, కాలు బ్రేకు మీద పెట్టు అని చెప్తోంది. అందులో పిల్లల బొమ్మ ఉంటే దగ్గర్లో బడి ఉన్నట్టు. ఉబ్బెత్తు గీత ఉంటే స్పీడు బ్రేకరు. చారల మీద మనిషి నడుస్తున్నట్టుంటే మనుషులు రోడ్డు దాటే చోటు. నీలం రంగు పలక ఉంటే సమాచారం, ఆసుపత్రి, పార్కింగు లాంటివి. రెండింటికి మాత్రం వేరే ఏ బోర్డుకీ లేని ఆకారం ఇచ్చారు. ఎనిమిది మూలల ఎర్రది ‘ఆగు’. తలకిందులు త్రికోణం ‘అవతలివాడికి దారి ఇవ్వు’. ముఖ్యమైనవి కాబట్టి మట్టి కొట్టుకుపోయినా ఆకారం బట్టి గుర్తుపట్టేలా పెట్టారు.

ఇంకో మాట. బడి ముందు పిల్లల బొమ్మ బోర్డు ఉంటుంది కాబట్టి అక్కడ జాగ్రత్త పడతారు. మన ఇళ్ళ ముందు ఆ బోర్డు ఉండదు. బడి గేటు దగ్గర పిల్లలు ఉండేది పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. వీధిలో ఉండేది మిగతా టైమంతా. అందుకే బోర్డు లేని చోట కూడా ఉన్నట్టే బండి నడపాలని మన ఇంట్లో మగపిల్లలకి చెప్పాలి.

పిల్లల్ని మనం ఎప్పుడూ తిడతాం, “చూసుకుని నడవలేవా” అని. నేనూ తిట్టాను. ఒకరోజు గ్రూపు మీటింగుని వీధిలోనే పెట్టి, ఆరేళ్ళ పిల్లాడి ఎత్తుకి అందరం గొంతుకూర్చున్నాం, ఆగి ఉన్న ఆటో పక్కన. మీరూ ఇంటికెళ్ళి చెయ్యండి. ఏం కనబడుతుంది? ఆటో టైరు, పక్కింటి గోడ. రోడ్డు కనబడదు. రోడ్డు మీద వచ్చేవాడికి మనమూ కనబడం. మా పిన్నిగారు మోకాళ్ళ నొప్పులతోనే కూర్చున్నారు. లేవలేకపోతే చెయ్యిచ్చాం. లేచి, “వాడికి ఏం కనబడిందని చూసుకుంటాడే” అన్నారు. ఆ తర్వాత మాలో ఎవరూ మాట్లాడలేదు.

చిన్నపిల్లలకి బండి ఎంత దూరంలో ఉందో తెలిసినా, అది ఎంత జోరుగా వస్తోందో అంచనా కట్టడం రాదు. తొమ్మిది పదేళ్ళు దాటితే గానీ ఆ నేర్పు సరిగా కుదరదు. బంతి మీద చూపుంటే ఇంకేదీ కనబడదు, పిలిచినా వినబడదు. ఇది వాడి అల్లరి కాదు, వాడి వయసు. అందుకని జాగ్రత్త మోయాల్సింది బండి మీద ఉన్నవాడు, ఆ బండి ఇచ్చిన మనం. బంతి రోడ్డు మీదికి వచ్చిందంటే దాని వెనక బిడ్డ ఉన్నట్టే. ఈ ఒక్క మాట నేర్పినా చాలు.

స్పీడు అంటే ఏమిటో మా కుర్రాళ్ళకి అర్థమవడానికి ఇంకో పని చేశాం. కిలోమీటర్లు, గంటలు అంటే ఎవరికీ పట్టదు. గంటకి 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ఎనిమిది మీటర్ల పైచిలుకు. 60 అంటే సెకనుకి పదహారు మీటర్ల పైనే. మన చీర ఐదున్నర మీటర్లు. పాత చీరలు తెచ్చి రోడ్డు మీద వరసగా పరిచాం. 30లో వెళ్తే, బిడ్డని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపు ఒక్క సెకను పోయిందనుకుంటే, బండి చీరన్నర దూరం పోతుంది. 60లో వెళ్తే మూడు చీరల దూరం. అప్పటికి ఇంకా బ్రేకు పడనే లేదు. బ్రేకు పడ్డాక కూడా, వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. మా వీధిలో ఆ కొస నుంచి ఈ కొసకి చీరలు పరుస్తుంటే, మామూలుగా మా మాట వినని కుర్రాళ్ళు కూడా నిలబడి చూశారు. ఒకడు మూడో చీర అంచు దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి మొదటి చీర మొదలు చూసి, “ఇంత దూరమా?” అన్నాడు. మనుషులు నడిచే చోట, పిల్లలు ఆడే చోట 30 దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాల మంత్రులు కూర్చుని చెప్పిన మాట కూడా ఇదే.

జోరుగా రాని బండ్ల గురించి కూడా చెప్పాలి. వెనక్కి వచ్చే బండ్లు చాలా ప్రమాదం. నీళ్ళ ట్యాంకరు, చెత్త బండి, ఇసుక ట్రాక్టరు, బడి వ్యాను. డ్రైవరుకి వెనక ఏముందో కనబడదు. పెద్ద బండి అయితే ముందు చక్రాల దగ్గర నిలబడ్డ చిన్నపిల్లాడు కూడా కనబడడు. వ్యాను దిగిన పిల్లాడు వాటర్ బాటిల్ పడిపోయిందని వంగుతాడు. వ్యాను కదులుతుంది. మనం అవతలి పక్క గుమ్మంలో నిలబడి “రారా” అని పిలుస్తాం, వాడు వ్యాను ముందు నుంచి పరిగెత్తుకొస్తాడు. పిలిచింది మనమే. కాబట్టి వ్యాను ఆగే వైపుకే మనం వెళ్ళి నిలబడాలి, బిడ్డ చెయ్యి పట్టుకోవాలి, వ్యాను వెళ్ళిపోయాకే రోడ్డు దాటాలి. ట్యాంకరు వెనక్కి వస్తున్నప్పుడు మనలో ఒకరు వెనక నిలబడి పిల్లల్ని తప్పించాలి. దీనికి అర్జీ అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఇక అధికారుల దగ్గర సాధించింది. గట్టు పగలగొట్టాక, వీధి బొమ్మ గీసుకుని వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చాం. ఊరికే ‘భద్రత కల్పించండి’ అని రాయలేదు. మలుపు ఎక్కడుంది, అంగన్‌వాడీ ఎక్కడుంది, వెలగని వీధి దీపం ఎక్కడుంది, కాలవ మీద పలక లేని చోట ఎక్కడుంది, అన్నీ గుర్తులు పెట్టాం. ఐదు నెలలకి కొలత ప్రకారం రెండు స్పీడు బ్రేకర్లు వచ్చాయి. త్రికోణం బోర్డులు వచ్చాయి. దీపం వెలిగింది. కాలవ పలకలు ఇంకా రాలేదు. పలక లేని చోట పిల్లలు కాలవ తప్పించుకోడానికి రోడ్డు మధ్యలోకి వస్తున్నారు. దాని కోసం ఇంకా తిరుగుతున్నాం.

అక్కలారా, నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇప్పుడు చెప్తాను. స్పీడు బ్రేకరు వచ్చాక అడ్డదారి బండ్లు తగ్గాయి. తగ్గాక చూస్తే, మా వీధిలో ఇంకా జోరుగా పోతున్న బండ్లన్నీ మా వీధివే. మా అన్నదమ్ములవి, మా మేనల్లుళ్ళవి, మా కొడుకులవి. చాలావరకు మన గ్రూపు అప్పుతోనో స్త్రీనిధి అప్పుతోనో మొదటి కిస్తీ కట్టినవి. మన వీధిలోకి స్పీడు ఎక్కడినుంచో రాలేదు. మన సంతకాలతోనే వచ్చింది. అందుకు నాకు సిగ్గుగా ఉంది, ఒక రకంగా ధైర్యంగానూ ఉంది. మన చేత్తో వచ్చింది కాబట్టి మన చేత్తోనే ఆపొచ్చు. లారీవాణ్ణి మనం ఆపలేం. తాళం చెవిని ఆపగలం.

పొదుపు సంఘం నడపడానికి మనకి పంచసూత్రాలు ఉన్నాయి. వీధికి కూడా మా ఎస్.ఎల్.ఎఫ్. ఐదు సూత్రాలు పెట్టుకుంది. మీ ముందు ఉంచుతున్నాను.

ఒకటి. 18 ఏళ్ళు నిండి, లైసెన్సు చేతికొచ్చేదాకా ఏ పిల్లాడికీ పిల్లకీ తాళం ఇవ్వం. కరివేపాకుకైనా ఇవ్వం, ఆసుపత్రికైనా ఇవ్వం. తాళం గుమ్మం పక్క మేకుకి కాకుండా బీరువాలో ఉంటుంది.

రెండు. బండి కోసం అప్పు అడిగితే బండి కోసమనే రాస్తాం. నడిపేవారి లైసెన్సు కాపీ, బీమా కాగితం, రెండు హెల్మెట్లు చూపించాకే తీర్మానం. హెల్మెట్ల డబ్బు కూడా అప్పులోనే కలిపి ఇస్తాం.

మూడు. బండి మీద బిడ్డ ఉంటే బిడ్డకీ హెల్మెట్. నాలుగేళ్ళు దాటిన అందరికీ అది చట్టమే. నాలుగేళ్ళ లోపు పిల్లల కోసం 2023 ఫిబ్రవరి నుంచి వేరే నియమం అమల్లో ఉంది. బిడ్డని నడిపేవారితో కలిపి కట్టే బెల్టు, బిడ్డ తలకి సరిపోయే హెల్మెట్, వేగం 40 దాటకూడదు. ట్యాంకు మీద బిడ్డని కూర్చోబెట్టుకునే అలవాటు మా వీధిలో మానేశాం. పూర్తిగా మానలేదు, మానుతున్నాం.

నాలుగు. వ్యాను దగ్గరికి ఎవరో ఒకరం వెళ్తాం. పనికి వెళ్ళే తల్లి ఉంటే పక్కింటివాళ్ళు ఆ బిడ్డని కూడా దింపుకుంటారు. ఎవరి వంతు ఏ రోజో గ్రూపులో రాసిపెట్టుకున్నాం.

ఐదు. నెలలో ఒక మీటింగులో పది నిమిషాలు వీధిలో నడుస్తాం. బోర్డు కనబడుతోందా, కొమ్మ అడ్డమొచ్చిందా, దీపం వెలుగుతోందా, స్పీడు బ్రేకరు మీద చారలు చెరిగిపోయాయా చూసి, పుస్తకంలో రాసి, వార్డు సచివాలయానికి చెప్తాం. పొదుపు పద్దు ఎలా రాస్తామో ఇదీ అలాగే.

ఈ రెండో సూత్రం మా దగ్గర అంత తేలిగ్గా పాసవలేదండీ. “మా డబ్బు, మా పిల్లలు, మధ్యలో మీకెందుకు” అన్నవాళ్ళున్నారు. ఒకావిడ రెండు మీటింగులకి రాలేదు. నేను ఒక్కటే అన్నాను. కిస్తీ కట్టకపోతే మొత్తం గ్రూపుది బాధ్యత అని మనమే చెప్తాం కదా. ఆ బండి కింద ఎవరి బిడ్డో పడితే అప్పుడు మాత్రం ఆ ఇంటిదొక్కదానిదే బాధ్యతా?

పిన్నిగారి మనవడు ఇప్పుడు నడుస్తున్నాడు, బడికి వెళ్తున్నాడు. పరిగెత్తితే మాత్రం కొంచెం కుంటుతాడు. మళ్ళీ బంతి అడుగుతున్నాడట. ఆ అబ్బాయి పదో తరగతికి వచ్చాడు. బండి ముట్టుకోవడం లేదు, వీధిలో తలెత్తి నడవడమూ లేదు. వాడికీ ధైర్యం చెప్పాల్సింది మనమే. మా చెల్లెలు కొన్నాళ్ళు మీటింగులకి రావడం మానేసింది. నేనే వెళ్ళి తీసుకొచ్చాను. నానుతాడు విడిపించడానికి నెలకి కొంత చొప్పున పిన్నిగారి చేతికి ఇస్తోంది. ఇద్దరూ ఇంకా పక్కపక్కన కూర్చోలేదు. ఒకే చాప మీదయితే కూర్చుంటున్నారు. అది చాలు ఇప్పటికి.

ఈ ఐదు సూత్రాలనీ పట్టణ సమాఖ్య మొత్తానికి తీర్మానంగా పెట్టాలని మా ఎస్.ఎల్.ఎఫ్. తరఫున ప్రతిపాదిస్తున్నాను. చేతులెత్తే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఇంటికెళ్ళాక మీ తాళం చెవి ఎక్కడ వేలాడుతోందో చూడండి. అది మీ పిల్లాడి చేతికి అందే ఎత్తులో ఉంటే, ముందు దాన్ని తీసి లోపల పెట్టండి. తీర్మానం పుస్తకంలో తర్వాత రాసుకుందాం.